తివాచీ మీద మచ్చ

మా ఇంట్లో ఒక తివాచీ ఉంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఎర్రటి నేల, నీలం అంచు, మధ్యలో వరసగా పువ్వులు. ఆ పువ్వుల్లో ఒకదాని ఎరుపు తక్కినవాటి ఎరుపుతో కలవదు. చూడగానే కనపడదు గానీ, పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు తెలిసిపోతుంది.

యూనియన్ కార్యదర్శి కుర్రవాడు మా ఇంటికొచ్చి, "మాస్టారూ, సావనీరుకి మీరేదైనా రాసివ్వాలి. కాలేజీ జ్ఞాపకాలు మాత్రం వద్దండీ, అవి అందరూ రాస్తున్నారు" అన్నాడు. అతను కూర్చున్నది ఆ తివాచీ మీదే. కాఫీ గ్లాసు చేతిలో పెట్టుకుని జాగ్రత్తగా, బెదురుతూ తాగుతున్నాడు. "ఒలికితే ఒలకనీవోయ్, దానికి మందు నా దగ్గరుంది" అన్నాను. "అయితే అదే రాయండి సార్" అని నవ్వాడు. అతను వేళాకోళానికే అన్నాడు. నేను మాత్రం నిజంగానే రాస్తున్నాను.

ఈ తివాచీ ఏలూరుది. ఏలూరులో ఉన్ని తివాచీలు నెయ్యడం ఎన్నో తరాల నాటి మాట. పారశీక దేశం నుంచి వచ్చిన నేతగాళ్ళు అక్కడ స్థిరపడ్డారనీ, ఆ పని వాళ్ళతోనే వచ్చిందనీ చెప్పుకుంటారు. మన వరంగల్లు తివాచీలు 1851లో లండను మహా ప్రదర్శన దాకా వెళ్ళొచ్చాయి. మా తాతయ్య లండను సంగతి ఎరగడు. 1949లో మా నాన్నగారి పెళ్ళికి, పెళ్ళివారు కూర్చోడానికి మర్యాదగా ఉండాలని ఏలూరు వెళ్ళి దీన్ని కొనుక్కొచ్చాడు. అప్పటినుంచీ అది అటక మీదే ఉండేది. నాఫ్తలిన్ ఉండలు వేసి, పాత పంచెలో చుట్టి పెట్టేవారు. శుభకార్యం వస్తేనే కిందికి దిగేది. ఆ వైభోగం ఇంట్లో మనుషులకి కూడా లేదు.

1980 వేసవిలో అది కిందికి దిగింది. మా అక్కకి పెళ్ళిచూపులు. నేను అప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి, వాల్తేరులో రైలెక్కి ఇంటికొచ్చాను. ఎమ్మెస్సీ చదువుతున్న కొడుకంటే ఆ రోజుల్లో ఇంట్లో ఎంత గౌరవమో ఇప్పటివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. నాన్నగారు బడిపంతులు. నేనేమన్నా చెబితే ఊఁ కొట్టేవారు. ఆ గౌరవమే నా కొంప ముంచింది.

పెళ్ళిచూపులు మర్నాడనగా మధ్యాహ్నం. బయట వడగాలి. వీధి గదిలో తలుపులూ కిటికీలూ అన్నీ బిగించి ఉన్నాయి. నడిమింట్లో గచ్చు మీద చాప వేసుకుని అమ్మ పడుకుంది. ఆవిడకి ఉబ్బసం. రాత్రి నిద్ర ఉండేది కాదు, పగలు కాస్త కన్ను మూసేది. నడిమింటికీ వీధి గదికీ మధ్య తలుపు తీసే ఉంది. నాన్నగారు పళ్ళు కొనడానికి బజారుకెళ్ళారు. అక్క పెరట్లో ఉంది. నేను తివాచీ మీద బోర్లా పడుకుని స్నేహితుడికి ఉత్తరం రాస్తున్నాను. కలంలో సిరా అయిపోయింది. సీసా తెచ్చుకుని, మూత తీసి, కలంలో పోస్తుండగా మోచెయ్యి తగిలింది.

బ్లూ బ్లాక్ సిరా. అరచేతి మేర ఒలికింది.

అక్కణ్ణించి నేను చేసిన ప్రతి పనీ తప్పే. అన్నీ చెబుతాను, ఎందుకంటే ఇవన్నీ ఇవాళ కూడా ఇళ్ళల్లో జనం ఇదే వరసలో చేస్తున్నారు.

మొదట భుజం మీద తువ్వాలు తీసి గట్టిగా రుద్దాను. అరచేతంత మచ్చ రెండు అరచేతులయింది. ఉన్ని తివాచీ అంటే నూలు పడుగు మీద ఒక్కొక్క ఉన్ని పోగునీ ముడివేసి, పైకొసలు కత్తిరించినది. ఒలికిన ద్రవం కాసేపు పైకొసల్లోనే ఉంటుంది. రుద్దితే ముడి లోపలికీ, కింద నూలులోకీ దిగుతుంది. రుద్దకూడదు. తెల్లటి పాత నూలు గుడ్డ మడతపెట్టి పైనుంచి అదమాలి. గుడ్డ పీల్చుకున్నంత పీల్చుకోనిచ్చి, మడత మార్చి మళ్ళీ అదమాలి. అంచు నుంచి మధ్యకి రావాలి, మధ్య నుంచి అంచుకి కాదు. ఆ తర్వాత చన్నీళ్ళు కొద్దికొద్దిగా చిలకరించి, మళ్ళీ అదే పని. సగం మచ్చలు ఇంతటితోనే పోతాయి. దీనికి కావలసినదల్లా ఓపిక. ఇరవై రెండేళ్ళ కుర్రాడి దగ్గర లేనిది అదొక్కటే.

రెండోది, బట్టల సబ్బు అరగదీసి పులిమాను. బట్టల సబ్బులో క్షారం ఉంటుంది. నూలుకి అది ఫరవాలేదు గానీ, ఉన్ని మన వెంట్రుకలాంటి మాంసకృత్తు, క్షారం దాన్ని తినేస్తుంది. మూడోది, నూతిలో చల్లడానికి మునిసిపాలిటీవాళ్ళు ఇచ్చిన బ్లీచింగ్ పౌడర్ పెరట్లో డబ్బాలో ఉంది. గుప్పెడు తెచ్చి, నీళ్ళతో ముద్ద చేసి, మచ్చ మీద మెత్తాను.

నీలం పోయింది! నాలో నేనే మురిసిపోయాను. అయిదు నిమిషాలకి దాని చోట పసుపుపచ్చటి మరక తేలింది. ఇది కూడా నాకు తెలిసిన కెమిస్ట్రీయే. మన పూర్వులు కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచుకునేవారు కదా, బ్లూ బ్లాక్ సిరా కూడా ఆ జాతిదే. అన్నభేది అంటే ఇనుము. బ్లీచింగ్ పౌడర్ రంగుని విరిచేసింది గానీ ఇనుము ఎక్కడికి పోతుంది? అది తుప్పుగా మారి అక్కడే కూర్చుంది. తుప్పుని కరిగించేది ఏమిటి? ఆమ్లం. స్నానాల గదిలో గచ్చు కడగడానికి పెట్టుకున్న మురియాటిక్ యాసిడ్ సీసా ఉంది. అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. ఒక్కో మెట్టూ తర్కానికి సరిగ్గా సరిపోయింది. ఆ బ్లీచింగ్ పౌడర్ ముద్ద ఇంకా కడగలేదన్న ఒక్క సంగతి తప్ప.

బ్లీచింగ్ పౌడర్ మీద ఆమ్లం పడితే ఏమవుతుందో కెమిస్ట్రీ చదివినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ సంవత్సరమే ప్రాక్టికల్స్‌లో బ్లీచింగ్ పౌడర్లో క్లోరిన్ ఎంత ఉందో హైపోతో అంచనా కట్టి, ఇరవైకి పంతొమ్మిది మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. లేబొరేటరీలో అది పరీక్షనాళిక, బ్యూరెట్టు, రికార్డు పుస్తకం. ఇంట్లో అది ఒక డబ్బా, ఒక సీసా. రెండూ ఒకటేనని నా బుర్రకి తట్టలేదు.

బుస్సుమని పొంగింది. ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు పొగ. ఒక్క పీల్పుకే గొంతు కత్తితో కోసినట్టయింది. కళ్ళు మండిపోయాయి. నేను వీధి తలుపు తీసుకుని బయటికి పరుగెత్తాను. అరుగు మీద వంగుని దగ్గుతూ, ఊపిరి పీల్చుకుంటూ నిలబడ్డాను.

ఇక్కడ ఒక సంగతి రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. రాస్తున్నాను. అరుగు మీద నిలబడ్డ ఆ నిమిషంలో, అది అర నిమిషమో నిమిషమో, లోపల అమ్మ పడుకుని ఉందన్న మాట నాకు గుర్తు లేదు.

క్లోరిన్ గాలి కంటే సుమారు రెండున్నర రెట్లు బరువు. పైకి పోదు, నీళ్ళలా నేలని పట్టుకుని పారుతుంది. 1915 ఏప్రిల్‌లో ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం దాన్ని వదిలినప్పుడు కందకాల్లోకి దిగింది అందుకే. మా ఇంట్లో అది గడప దాటి, నేల మీద పడుకున్న మనిషి దగ్గరికి వెళ్ళింది.

అమ్మ దగ్గు పెరట్లో ఉన్న అక్కకి వినపడింది. అది ఉబ్బసం దగ్గు కాదని అక్కకి తెలిసిపోయిందట. పైటకొంగు నూతి దగ్గర బక్కెట్లో ముంచి ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికెళ్ళి, అమ్మని చాపతో సహా పెరట్లోకి ఈడ్చేసింది. నేను ఇల్లు చుట్టుకుని పెరట్లోకి వెళ్ళేసరికి అమ్మ నూతిగట్టుకి ఆనుకుని ఉంది, పెదాలు నీలంగా ఉన్నాయి. అక్క ఆవిడ మొహం మీద నీళ్ళు కొడుతోంది. నావేపు చూసింది గానీ ఏమీ అనలేదు.

రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టుకుంటూ, "ఏం పీల్చారు?" అన్నారు. అక్క నావేపు తిరిగింది. "క్లోరిన్ అండి" అన్నాను.

"ఎక్కణ్ణించొచ్చింది?"

చెప్పాను.

"నువ్వేం చదువుతున్నావు?"

"ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అండి."

ఆయన ఇంకేమీ అడగలేదు. తిట్టినా బాగుండేది.

రెండు రాత్రులు ఆక్సిజన్ పెట్టి ఉంచారు. ఈ గ్యాసు పీల్చినప్పుడు మొదట తేరుకున్నట్టే ఉండి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చునట. అందుకే "బాగానే ఉన్నాను కదా" అని ఇంట్లో కూర్చోకూడదు, డాక్టరుకి చూపించాలి. మూడో రోజున అమ్మ ఇంటికొచ్చింది. పెళ్ళివారికి కబురు పంపాం. వాళ్ళు అపశకునం అనుకున్నారో ఏమో, మళ్ళీ రాలేదు. అక్క పెళ్ళి ఇంకో రెండేళ్ళకి, వేరే చోట అయింది. అమ్మ 1997 దాకా ఉంది. ఆ తర్వాత ప్రతి చలికాలమూ ఉబ్బసం ఎక్కువగానే ఉండేది. అది దీనివల్లనేనా అని ఒకసారి డాక్టరుగారిని అడిగాను. "చెప్పలేం" అన్నారాయన. చెప్పలేం అన్న మాట ఎన్ని రకాలుగా అర్థం చేసుకోవచ్చో నేను చాలా ఏళ్ళు లెక్కపెట్టాను.

ఇక తివాచీ. దాన్ని పెరట్లో పారేసి ఉంచాం. నాన్నగారు ఏలూరు నుంచి ఒక ముసలి నేతగాణ్ణి పిలిపించారు. సాయిబుగారు వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, మచ్చ ఉన్న చోట ఉన్నిని రెండు వేళ్ళతో నలిపాడు. పొడిపొడిగా రాలింది. వాసన చూశాడు.

"ఉన్ని చచ్చిపోయింది బాబూ. ఏం పోశారు?"

మళ్ళీ చెప్పాను. ఆ వారంలో నేనా పాఠం ఎంతమందికి ఒప్పజెప్పానో!

"మచ్చని మచ్చలాగ వదిలేస్తే నేను తీద్దును గదా" అన్నాడాయన.

రెండు రోజులు మా వసారాలో కూర్చుని, చచ్చిన ముడులన్నీ విప్పి, కొత్త ఉన్నితో మళ్ళీ ముడులు వేశాడు. నూలు పడుగు మిగిలిందట, అదే అదృష్టమన్నాడు. ఎరుపు మాత్రం కలవలేదు. ముప్పై ఏళ్ళు వాడిన రంగుకి కొత్త రంగు ఎలా కలుస్తుంది? నేను ఆయన పక్కనే కూర్చునేవాణ్ణి. ఆ రెండు రోజుల్లో ఆయన చెప్పినవి నాకు రెండేళ్ళ ఎమ్మెస్సీలో ఎవరూ చెప్పలేదు. ఎందుకలా అన్న కారణాలు ఆయన చెప్పలేదు, అవి నేను తర్వాత వెతుక్కున్నాను.

కొత్తగా ఏది వాడినా ముందు తివాచీ వెనకవేపు మూల మీద ఒక చుక్క వేసి, తెల్లగుడ్డ అదిమి చూడమన్నాడు. గుడ్డకి రంగంటితే ఆ మందు ఆ తివాచీకి పనికిరాదు. బ్లూ బ్లాక్ సిరాకి ముందు చన్నీళ్ళు, తర్వాత నిమ్మరసంలో ఉప్పు కలిపి చుక్కలుగా వేసి అదమడం. నిమ్మలోని ఆమ్లం ఇనుముని పట్టుకుని నీళ్ళలోకి లాగుతుంది. నేను తుప్పుకి ఆమ్లం అని ఆలోచించడం తప్పు కాదు. పచ్చడిలోకి పిండుకునే ఆమ్లం చాలు, గచ్చు కడిగే ఆమ్లం అక్కర్లేదు. నిమ్మరసం కూడా ఉన్నిలో వదిలెయ్యకూడదు, చన్నీళ్ళతో రెండు మూడుసార్లు తీసెయ్యాలి. ఇప్పుడు సిరా సీసాలు కనపడ్డం తక్కువ, బాల్‌పెన్ను గీతలే ఎక్కువ. వాటికి నీళ్ళు లాభం లేదు, స్పిరిటు గుడ్డకి అద్దుకుని అదిమితే వదులుతుంది. చుట్టుపక్కల దీపమూ పొయ్యీ లేకుండా చూసుకోవాలి.

నెత్తురు మరకకి వేడినీళ్ళు పొయ్యకూడదు. వేడికి గుడ్డులో తెల్లసొన గట్టిపడ్డట్టు నెత్తురూ గట్టిపడి పోగుని పట్టేసుకుంటుంది. చన్నీళ్ళే. నూనె ఒలికితే నీళ్ళే వద్దు, బియ్యప్పిండో టాల్కం పౌడరో చల్లి రాత్రంతా ఉంచి పొద్దున్న దులపాలి. మిగిలినదానికి కుంకుడుకాయ రసం. పట్టుకీ ఉన్నికీ దాన్ని మించిన సబ్బు లేదు, అందులో బట్టల సబ్బులో ఉండే క్షారం ఉండదు. పలచగా తీసి, నురగ మాత్రమే వాడాలి. చిక్కటి రసమైతే దాని మరకే మిగులుతుంది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది పసుపు మరక. పులుసు ఒలికింది, పచ్చటి మచ్చ పడింది. సబ్బు పెట్టగానే అది నెత్తురులా ఎర్రబడుతుంది. ఇంట్లోవాళ్ళు హడలిపోతారు. ఇందులో వింతేమీ లేదు. పెళ్ళికూతురి కాళ్ళకి పారాణి ఎలా పెడతారు? పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది కదా, ఆ సున్నం చేసే పనే సబ్బూ చేస్తుంది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, కాస్త నిమ్మరసం తగిలితే మళ్ళీ పసుపవుతుంది. నేను పాఠం చెప్పిన ముప్పై అయిదేళ్ళలో ఆమ్ల క్షార సూచికలంటే లిట్మస్‌తో కాకుండా పారాణితోనే మొదలుపెట్టేవాణ్ణి. వెనకబెంచీ కూడా తలెత్తేది. పసుపు మరకకి మందు ఎండ. కుంకుడు నురగతో అదిమి, తడి తీసి, ఎండలో పెడితే పసుపు రంగు తనంతట తనే విరిగిపోతుంది. 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెన్నంట్ బ్లీచింగ్ పౌడర్‌కి పేటెంటు పుచ్చుకునేదాకా అక్కడివాళ్ళూ బట్టల్ని పొలాల్లో పరిచి, ఎండకి వదిలి తెలుపు చేసుకున్నవాళ్ళే. అయితే ఎండ తివాచీ రంగుల్ని కూడా తినేస్తుంది. మచ్చ ఉన్నంత మేరే ఎండ తగలాలి, తక్కినదాని మీద దుప్పటి కప్పండి.

తడిసిన తివాచీని నేల మీద ఆరబెట్టకూడదు. పైన ఆరినట్టుంటుంది, అడుగున నూలు పడుగు కుళ్ళుతుంది, బూజు పడుతుంది. నవ్వారు మంచం మీద పరిస్తే పైనుంచీ కిందనుంచీ గాలి తగులుతుంది. నవ్వారు మంచాలు పోయాయంటారా, రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకోండి.

బ్లీచింగ్ గురించి ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. 2020లో కరోనా వచ్చినప్పుడు వీధులూ మెట్లూ తలుపులూ అన్నీ హైపోక్లోరైట్‌తో తడిశాయి. అప్పటినుంచీ చాలా ఇళ్ళల్లో బ్లీచింగ్ ద్రవం సీసా ఒకటి ఉండిపోయింది. దాని పక్కనే టాయిలెట్ కడిగే సీసా ఉంటుంది, వీటిలో చాలావాటిలో ఉన్నది మా ఇంటి మురియాటిక్ యాసిడ్ రకమే, రంగూ వాసనా కలిపారంతే. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడకూడదు. అమోనియా ఉన్న ద్రవాలతో కూడా బ్లీచింగ్ కలవకూడదు, అప్పుడు వచ్చేది వేరే గ్యాసు, అదీ ఊపిరి తీసేదే. పొరపాటున కలిస్తే సీసా సర్దుతూ నిలబడకండి. ఇంట్లో ఎవరెవరు ఉన్నారో పేరు పేరునా తలుచుకుని, అందర్నీ తీసుకుని బయటి గాలిలోకి పొండి.

కిందటి నెలలో మా మనవరాలు ఈ తివాచీ మీద పాలగ్లాసు ఒంపింది. దానికి పదేళ్ళు. నేను కేకెయ్యకముందే స్నానాల గదిలోకి పరుగెత్తి బ్లీచింగ్ సీసా పట్టుకొచ్చింది, టీవీలో చూసిందట. సీసా తీసుకుని పైన బీరువా మీద పెట్టాను. ఇద్దరం చెరో పాత గుడ్డ తీసుకుని కూర్చున్నాం. పాలు కూడా మాంసకృత్తే కాబట్టి చన్నీళ్ళే. అదమడం, మడత మార్చడం. మధ్యలో దాని చెయ్యి ఆ కలవని ఎర్రపువ్వు మీదికి వెళ్ళింది.

"ఇదేంటి తాతయ్యా, ఈ పువ్వొక్కటే వేరేగా ఉంది?"

మొత్తం కథ చెప్పాను. సిరా, పౌడరు, యాసిడ్, పొగ, అరుగు, అన్నీ. అది గుడ్డ పట్టుకునే విన్నది. అంతా అయ్యాక కాసేపు ఆలోచించి అడిగింది:

"మరి తాతమ్మ లోపల ఉందని నీకు గుర్తు రాలేదా?"

"రాలేదమ్మా" అన్నాను.

అది గుడ్డ మడత మార్చి, మళ్ళీ అదమడం మొదలుపెట్టింది.